వైద్యుల కోర్కెలలో మన పాలు

వైద్య విద్యార్థులు, వైద్యులు ఒక్క గొంతుతో శాసనకర్తలను అడుగుట మనము గమనింపదగిన పరిణామము. 2019లో జాతీయ వైద్య కమిషన్ బిల్లు పార్లమెంటు ముందున్నపుడు భారత వైద్య సంఘము జూలై 31న 24 గంటల సమ్మెకు పిలుపునిచ్చినది. హైదరాబాదు, తిరుపతి నగరాలలో జూనియర్ డాక్టర్లు వీధులకెక్కినారు. బిల్లు ఆగలేదు, ఆగస్టులో చట్టమైనది. అయినను ఆ చట్టము విధించిన తుది పరీక్ష, విద్యార్థుల అభ్యంతరాల నడుమ, 2023 జూలైలో వాయిదా పడినది.

2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో, డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైనది. ఆగస్టు 17న దేశమంతటా వైద్యులు, విద్యార్థులు విధులు మాని, కేంద్ర రక్షణ చట్టము కావలెనని కోరినారు. ఆ కోర్కె న్యాయమైనది. దానిని మేము బలపరచుచున్నాము.

కాని చట్టమొక్కటే చాలునా? దౌర్జన్య నిరోధక చట్టము ఆంధ్రప్రదేశ్‌లో 2008లోను, ఛత్తీస్‌గఢ్‌లో 2010లోను వచ్చినది. రెసిడెంట్ డాక్టరుకు సాధారణముగా రోజుకు 12 గంటలకు మించి ఎడతెగని డ్యూటీ వేయరాదని 1992 నాటి కేంద్ర నిబంధన చెప్పుచున్నది. కాగితము మీది గంటలు వేరు, వార్డులోని గంటలు వేరు. ఖాళీలు నింపనంత కాలము అలసిన వైద్యుడు, విసిగిన రోగి ఎదురెదురుగా నిలువక తప్పదు.

ఈ పాఠము రైల్వే కార్మికులకు కొత్త కాదు. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి, పది గంటల డ్యూటీకి ప్రభుత్వము చేత ఒప్పించినారు. ఆ కోర్కె డ్రైవరు విశ్రాంతికి మాత్రమే కాదు, వెనుక పెట్టెలలో నిద్రించు ప్రయాణికుని ప్రాణానికి కూడ సంబంధించినది. అందుకే దానికి బలము వచ్చినది. ఒప్పందము అమలు కొరకు పిదప కూడ పోరాడవలసి వచ్చిన సంగతి మనకు తెలియును.

కనుక వైద్య సోదరులకు, సోదరీమణులకు మా మనవి ఒక్కటే. మీ వినతిపత్రములో రక్షణతో పాటు పని గంటలు, ఖాళీల భర్తీ, పల్లెలకు వైద్యుడు అను మూడింటిని చేర్చుడు. అప్పుడది రోగుల వినతిపత్రము కూడ అగును.

బిలాస్‌పూర్ జిల్లా బెల్తరా మొదలు తెలుగునాట ప్రతి ఊరి వరకు రైల్వే, తపాలా కుటుంబాలు ఆసుపత్రి వరుసలలో నిలుచున్నవే. మన శాఖలు తమ ప్రాంతపు పార్లమెంటు సభ్యునికి, శాసనసభ్యునికి ఈ కోర్కెలను వ్రాతమూలకముగా అందజేయవలెను. రేపటి వైద్యులను నేటి వైద్యులు వెంట నడిపించుకొనుచున్నారు. మనము అప్రెంటిస్‌ను, గ్రామీణ డాక్ సేవక్‌ను వెంట తీసుకొనిపోవుచున్నామా? ఆ ప్రశ్నకు ప్రతి శాఖ తన సమావేశములో బదులు చెప్పవలెను.