ఎండలేదు, ఎండబెట్టారు

మొన్న వేసవిలో మా మండలం టీచర్లకు శిక్షణ పెట్టారు. సాంఘికశాస్త్రంలో పట్టణాల పాఠం ఎట్లా చెప్పాలో నేర్పడానికి ఒక పెద్దసారు వచ్చాడు. "పట్నం చెట్టు లాంటిదండీ. కొన్ని కొమ్మలు చిగురిస్తాయి, కొన్ని ఎండిపోతాయి. అది ప్రకృతి ధర్మం" అన్నాడు. హాల్లో అందరూ తలలూపారు. నేను లేచి, "సార్, ఆ చెట్టుకు నీళ్లు పోసేదెవరు? ఏ కొమ్మ కింద పోస్తున్నారు?" అని అడిగాను. ఆయన నవ్వి, చాయ్ టైం అయిందన్నాడు. చాయ్ తాగాం. నా ప్రశ్న అక్కడే మిగిలిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అన్నలారా, అక్కలారా, ఊళ్లో పుట్టిన మనకు ఈ పాఠం కొత్తగా చెప్పాలా? ఊరు ఎత్తు మీద ఉంటుంది, వాడ పల్లంలో ఉంటుంది. ఊరి మురికి కాలువ తిన్నగా మన వాకిట్లోకే దిగుతుంది. సిమెంటు రోడ్డు బొడ్రాయి దాకా వచ్చి అలిసిపోతుంది. ఊళ్లో బోరింగు పడ్డ ఎన్నేళ్లకు వాడలో పడిందో మీ అమ్మనడగండి, చెబుతుంది. ఇంత చేసి, "మాదిగ గూడెం వెనకబడింది, మాలపల్లి వెనకబడింది" అని రిపోర్టుల్లో రాస్తారు. మనంతట మనం వెనకబడలేదు. మనల్ని వెనక పెట్టారు.

పట్నం పోతే ఈ గీత చెరిగిపోతదని మన తాతలు, తండ్రులు మూటలు కట్టుకొని పోయారు. బాబాసాహెబ్ కూడా 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో, పల్లెను పొగిడే పెద్దమనుషులను గట్టిగానే నిలదీశాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ మనకంటే ముందే ఊరు కూడా బస్సెక్కి పట్నం చేరింది. మన హైదరాబాదునే చూడండి.

పాతబస్తీ సంగతి అడిగితే చాలామంది "వాళ్లు అంతే, బాగుపడరు" అంటారు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మన వాడ గురించి ఊరు అనే మాటే ఇది. 1591లో కట్టిన నగరానికి నడిబొడ్డు అదే. దాన్ని అంచుకు నెట్టింది ప్రకృతి కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగింది. 1911లో గద్దెనెక్కిన నిజాం నది ఇవతల కింగ్ కోఠిలోనే కాపురమున్నాడు. రాజు ఎక్కడుంటే నవాబులు అక్కడికే చేరతారు, డబ్బు వాళ్ల వెంట పోతుంది. తర్వాత 1948లో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. జాగీర్లు పోవాల్సిందే, నాకు అందులో రెండో మాట లేదు. కానీ ఆ దేవిడీల మీద బతికిన గుర్రపుబండి వాడికి, కుట్టుపని వాడికి, నీళ్లు మోసేవాడికి, పాయిఖానా ఎత్తిన మన తల్లికి ఏ పని చూపించారు? ఏదీ చూపించలేదు. రాజు పోయాడు, కొలువూ పోయింది, కొత్త కొలువులు నదికి ఇవతలే పుట్టాయి.

మెట్రో రైలు సంగతి తీసుకోండి. 2017 నవంబరులో మొదలైంది. 2020 ఫిబ్రవరికి మూడు దారుల్లో కలిపి 69 కిలోమీటర్లు నడిచింది. మొదటి ప్లానులో ఉండి కట్టకుండా మిగిలిన ముక్క ఏది? ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు. అంటే రైలు పాతబస్తీ గుమ్మం దాకా వచ్చి ఆగింది. మన ఊళ్లో బొడ్రాయి దగ్గర ఆగిన సిమెంటు రోడ్డు గుర్తొచ్చిందా? పాతబస్తీ లైనుకు 2024 మార్చిలో మళ్లీ శంకుస్థాపన చేశారు.

ఇక మన కథ. ఒకప్పుడు ఈ నగరంలో మనవాళ్లు ఎండిపోయిన కొమ్మ కాదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, మన పిల్లలకు బడులు నడిపి, ఆది హిందువులమని తలెత్తి చెప్పింది ఈ హైదరాబాదులోనే. ఆ తర్వాత కాలంలో బాలానగర్, సనత్‌నగర్, మౌలాలి, రామచంద్రాపురం ఎట్లా పెరిగాయి? అక్కడ సర్కారు ఫ్యాక్టరీలు వచ్చాయి. సర్కారు ఫ్యాక్టరీ అంటే రిజర్వేషన్. మాదిగ ఇంటి పిల్లగాడికి కూడా నెల జీతం, కంపెనీ క్వార్టరు, పిల్లలకు కంపెనీ బడి. రిజర్వేషన్ ఉన్నచోట మన వాడ కూడా పచ్చబడింది, గమనించండి. ఐడీపీఎల్‌ను 1992లో ఖాయిలా పరిశ్రమ కింద రాశారు. మిల్లులు, ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. కొలువు పోయిన ఇళ్లలో పిల్లలు ఆటో తోలుతున్నారు, వాచ్‌మన్ పని చేస్తున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పడమటి దిక్కు చిగురించడం మొదలైంది. 1998 నవంబరులో మాధాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించాడు. అది తనంతట తాను మొలిచిందా? సర్కారే భాగస్వామి అయింది. భూమి మీద రాయితీ, కరెంటు మీద రాయితీ, స్టాంపు డ్యూటీ మీద రాయితీ. తర్వాత ఆ దిక్కుకు ప్రత్యేక అభివృద్ధి సంస్థ, 158 కిలోమీటర్ల రింగు రోడ్డు, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన. ఇన్ని నీళ్లు పోస్తే ఎండిన కట్టె కూడా చిగురిస్తది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి వేలంలో పలికింది. కానీ ఆ అద్దాల మేడల్లో రిజర్వేషన్ లేదు. సర్కారు సొమ్ముతో దిక్కంతా పచ్చబడింది, కొలువు మాత్రం ప్రైవేటుదైంది. మెలిక అంతా ఇక్కడే ఉంది.

"మనోళ్లు కూడా సాఫ్ట్‌వేర్ చేస్తున్నరు గదా సారూ" అని మా ఊరి పిల్లగాడు అన్నాడు. చేస్తున్నారు, సంతోషం. ఆ అద్దాల మేడల్ని ఎవరు తుడుస్తున్నారో కూడా లెక్కపెట్టు తమ్ముడూ అన్నాను. 2016 ఆగస్టులో మాధాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లో దిగి, ఊపిరాడక నలుగురు చనిపోయారు. వెలిగిపోయే పేట కిందనే ఆ గుంట ఉంది. అదే ఏడు జనవరిలో, ఆ పక్కనే గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట డేరా వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో రోహిత్ వేముల జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. ఎకరం కోట్లు పలికే దిక్కులో కూడా మన వాడ పేరు మారలేదు.

చిగురించిన కొమ్మ రాల్చే చెత్త ఎక్కడికి పోతున్నదో కూడా చూడాలి. నగరమంతటి చెత్త, రోజుకు వేల టన్నులు, లారీల్లో జవహర్‌నగర్ చేరుతున్నది. అక్కడి జనం ఏళ్ల తరబడి ఆ కంపు పీలుస్తున్నారు, బోర్లలో రంగు మారిన నీళ్లు చూస్తున్నారు. జూబిలీహిల్స్ శుభ్రంగా ఉంది అంటారు. జవహర్‌నగర్ మురికిగా ఉంది కాబట్టే అది శుభ్రంగా ఉంది. రెండూ ఒకే లెక్కలో జమ, ఖర్చు.

నీళ్ల సంగతి చెప్పకపోతే మా నల్లగొండోళ్లు నన్ను ఊరుకోరు. 2004లో కృష్ణ నీళ్లు హైదరాబాదు చేరాయి. మా దేవరకొండ దిక్కున కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పెద్ద పెద్ద పైపుల్లో మా ఊళ్ల పక్కనుంచే పంపారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులు ఆ పైపుల పక్కన నిలబడి చూశారు. అప్పుడు నేను బీఈడీ చదువుతున్నాను, మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి. మా పెదనాయన ఆ పైపు మీద చెయ్యి పెట్టి, "సల్లగుందిరా" అన్నాడు.

మా చిన్నమ్మ, చిన్నాయన ఎనభైల్లో కరువుకు మూసీ ఒడ్డున ఒక బస్తీ చేరారు. చిన్నాయన మలక్‌పేట గంజిలో బస్తాలు మోసేవాడు, చిన్నమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమేది. 2020 అక్టోబరు వానకు ఇల్లు మునిగింది. 2024లో ఎవరో వచ్చి గోడ మీద ఎర్రరంగుతో ఇంగ్లీషు అక్షరాలు రాసి పోయారు. నేను పోతే చిన్నమ్మ ట్రంకుపెట్టె తెరిచి కాగితాలన్నీ మంచం మీద పరిచింది. "చదివినోడివి గదా కొడకా, ఇండ్ల ఇల్లు నాదే అని యాడున్నదో సూడు" అంది. రేషన్ కార్డు ఉంది, ఓటు కార్డు ఉంది, నలభై ఏళ్ల కరెంటు బిల్లులున్నాయి. పట్టా లేదు.

పట్టా లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. నూటికి ఐదు వడ్డీకి తెచ్చుకోవాలి. ఆ వడ్డీతో పైన ఒక గది వేయలేవు, కింద ఒక దుకాణం పెట్టలేవు. ఎప్పుడు కూలుస్తారో తెలియని గోడకు సున్నమెవరు వేస్తారు? ఇరవై ఏళ్లు గడిచాక ఎవరో కారులో పోతూ, "ఎంత పాడుబడ్డ బస్తీ" అంటారు.

2014లో 58వ నంబరు జీవో తెచ్చి, సర్కారు జాగాలో ఉన్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేస్తామన్నారు. మంచిదే. కానీ నది ఒడ్డు, నాలా అంచు, చెరువు శిఖం దానికి పనికిరావు. మనల్ని ఉండనిచ్చిందే అక్కడ గదా! పర్మిషన్ లేకుండా అంతస్తులు లేపినవాళ్ల కోసం మాత్రం 2007లో ఒక పథకం, 2015లో ఇంకో పథకం వచ్చాయి. డబ్బున్న తప్పుకు జరిమానా కడితే రసీదు ఇస్తారు. డబ్బులేని తప్పుకు బుల్డోజరు పంపుతారు. బదులుగా ఇల్లిస్తున్నాం గదా అంటారు. 2023లో కొల్లూరులో 15,660 ఇళ్లు కట్టి తెరిచారు. కట్టడం గట్టిగానే ఉంది. కానీ అది రింగు రోడ్డు అంచున ఉంది. గంజిలో బస్తా మోసేవాడు అక్కడినుంచి తెల్లారేసరికి గంజికెట్లా చేరతాడు? ఊరు బయట వాడ కట్టే అలవాటు ఎక్కడికి పోతది?

పల్లెల్లో ఉన్నవాళ్లు ఇది పట్నపోళ్ల గొడవ అనుకోవద్దు. పట్నం పెరిగేటప్పుడు మొదట కళ్లు పడేది మన అసైన్డ్ భూముల మీద. 1977 చట్టం ప్రకారం మనం అమ్మితే చెల్లదు, సర్కారు మాత్రం వెనక్కి తీసుకోగలదు. పక్కనున్న దొర పట్టాభూమికి పూర్తి ధర, మనకు చేతిలో పెట్టినంత, ఇట్లా చాలాకాలం నడిచింది. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పూర్తి మార్కెట్ ధర ఇవ్వాల్సిందే అని తీర్పు చెప్పింది. సర్వేయరు గొలుసు పట్టుకొని వచ్చిన రోజు ఈ ముక్క చెప్పండి. అట్లాగే మురికి గుంటలో మనిషి చనిపోతే ఇవ్వాల్సింది 2014లో సుప్రీంకోర్టు చెప్పిన 10 లక్షలు కాదు, 2023 అక్టోబరు తీర్పుతో అది 30 లక్షలయింది. కాంట్రాక్టరు రెండు లక్షలు చేతిలో పెట్టి వేలిముద్ర అడిగితే వేయొద్దు.

మనలో మనం ఒక మాట అనుకోవాలి. చదువుకొని కొలువు దొరికిన మనవాళ్లం ఏం చేశాం? నేను కూడా హయత్‌నగర్ దాటాక ఒక ప్లాటు కొన్నాను. ఆ కాలనీలో కులం చెప్పకుండా మూడేళ్లు నెట్టుకొచ్చాను. చిన్నమ్మ బస్తీకి పండుగకో చావుకో తప్ప పోలేదు. బస్తీలో నాలుగు అక్షరాలొచ్చిన మనిషి ఉండి, 2014లో దరఖాస్తు పెట్టించి ఉంటే, కనీసం ఆ బస్తీలో గట్టు పైనున్న ఇళ్లకైనా కాగితం వచ్చేదేమో. మా లీడర్లు ఓట్ల ముందు బిర్యానీ పంచారు, నేను బదిలీల కౌన్సెలింగ్‌లో తిరిగాను. ఊరు మనల్ని వెలివేసింది నిజం. కానీ వాడను వదిలేసి పోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకని వచ్చే సంచికకల్లా ఒక పని చేద్దాం. ఒక్కొక్క కార్యకర్త ఒక్కొక్క బస్తీ, ఒక్కొక్క వాడ పట్టుకోవాలి. ఎన్ని గడపలు, ఎన్నింటికి పట్టా ఉంది, నల్లా నీళ్లు వారానికి ఎన్నిసార్లు, చెత్తబండి వస్తుందా, మురికి ఎటు పోతుంది, దగ్గరి బస్సుకు ఎంత నడవాలి, అసైన్డ్ భూమి ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది, పోయినదానికి ఎంతిచ్చారు. నోటుపుస్తకంలో రాసి, పక్కనే అగ్రకులాల కాలనీ లెక్క కూడా రాసి పంపండి. మా బడి తొమ్మిదో తరగతి పిల్లలు మా ఊరిది మొదలుపెట్టారు. ఊళ్లో వీధిదీపాలు 46, వాడలో 5, అందులో వెలిగేవి 2.