కాలువ కట్ట మీద సైకిలుకు దారి ఇవ్వాలి

హాలియా: నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా నాగార్జునసాగర్‌కు పోయే 565వ నెంబరు జాతీయ రహదారి, దేవరకొండ నుంచి మిర్యాలగూడకు పోయే రోడ్డు హాలియాలోనే కలుస్తాయి. కోతల కాలం వచ్చిందంటే మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం మోసే లారీలు, ట్రాక్టర్లు ఇక్కడ బారులు తీరుతాయి. ఆ బారుల పక్కన, తారు అంచు మీద, బడికి పోయే పిల్లవాడు, నాట్లకు పోయే కూలీ, పాలక్యాను కట్టుకున్న రైతు సైకిళ్లు తొక్కుతూ ప్రాణాలు అరచేత పట్టుకుని పోవలసి వస్తున్నది. వెనుక హారను మోగితే సైకిలే రోడ్డు దిగాలి. దిగినచోట గుంత ఉంటే అంతే సంగతులు.

లారీ తొక్కని దారి ఒకటి ఈ ప్రాంతంలోనే ఉన్నది. అది సాగర్ ఎడమ కాలువ కట్ట. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన ఈ ఎడమ కాలువ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాలను తడుపుతూ ఆంధ్రప్రదేశ్‌లోకి పోతుంది. కాలువ తవ్వినప్పుడే ఇంజనీర్లు, లష్కర్లు తిరగడానికి కట్ట మీద మొరం బాట వేశారు. అది కొన్నిచోట్ల బాగానే ఉన్నది. కొన్నిచోట్ల సర్కారు కంప కమ్మి మనిషి నడవడానికి కూడా సందు లేదు.

సైకిలుకు ఇంతకంటే అనువైన బాట దొరకదు. కాలువ నీరు గుట్ట ఎక్కదు. నేల వాలును పట్టుకుని మెల్లగా పోతుంది. కాబట్టి దాని పక్కన పోయే సైకిలుకూ ఎక్కుడు ఉండదు. ముసలివారైనా దిగి నెట్టే పని లేకుండా తొక్కవచ్చు. ఒక్క మాట మాత్రం నిజం. కాలువ వంకర టింకరగా పోతుంది గనుక తారు రోడ్డు కంటే దూరం ఎక్కువ. అయినా పావుగంట ఆలస్యంగా ఇంటికి చేరడం, అసలు చేరకపోవడం కంటే మేలు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. ఫ్రాన్సు దేశంలో తులూజ్ పట్టణం నుంచి మధ్యధరా సముద్రం దాకా కెనాల్ ద్యు మిదీ అనే 240 కిలోమీటర్ల కాలువ ఉన్నది. పియర్ పాల్ రికే అనే ఆయన పూనికతో 1666లో మొదలై 1681లో పూర్తయింది. అది పొలాలు పారించడానికి కాక సరుకుల పడవల కోసం తవ్విన కాలువ. గుర్రాలు ఒడ్డున నడుస్తూ తాళ్లతో పడవలను లాగేవి. రైళ్లు, లారీలు వచ్చాక సరుకుల పడవలు పోయాయి. గుర్రాలు నడిచిన ఒడ్డు మిగిలింది. 1996లో యునెస్కో ఆ కాలువను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఇప్పుడు ఆ ఒడ్డు వెంట సైకిలు తొక్కడానికి దేశదేశాల జనం వస్తారు. మట్టి, కంకర దారుల కోసమే వెడల్పు టైర్లతో తయారైన సైకిళ్లు కూడా అక్కడ ఉన్నాయి. మోటారు చప్పుడు వినపడని పల్లె బాట మీద పోవడమే వారికి వేడుక.

ఆ దేశం మూతబడిన రైలు మార్గాలను కూడా వదలలేదు. బుర్గుండీ ప్రాంతంలో పట్టాలు తీసిన దారిని 1997లో సైకిళ్లకు, పాదచారులకు ఇచ్చింది. ఇటువంటి దారులను అక్కడ 'పచ్చబాట' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. 2004లో వాటిని రోడ్డు నిబంధనల్లోనే చేర్చారు. సైకిలు, నడిచే మనిషి, గుర్రం తప్ప మోటారు బండి వాటి మీదికి రాకూడదు. అక్కడ మేలు చేసింది రోడ్డుకు పోసిన డబ్బు కంటే ఈ నియమమే.

తెలంగాణలో కూడా సైకిలుకు వేరే దారి వేయడం తెలియని పని కాదు. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023 అక్టోబరులో ప్రారంభించారు. అది మంచి పనే. కాని అక్కడ సైకిలు తొక్కేవారిలో ఎక్కువమంది ఒంటి ఆరోగ్యం కోసం తొక్కుతారు. పల్లెలో పొట్ట కోసం, చదువు కోసం తొక్కుతారు. మొదటివారికి నీడ వేసిన ప్రభుత్వం రెండోవారికి తట్టెడు మొరం పోయలేదా అన్నది ప్రశ్న.

ఈ మాట ఎత్తగానే మూడు అభ్యంతరాలు వస్తాయి. కట్ట తనిఖీ కోసమే గాని జనం కోసం కాదనేది మొదటిది. అయితే జనం తిరగని కట్టకు ఏమవుతుందో చూడాలి. 2022 సెప్టెంబరు 7న నిడమనూరు మండలం ముప్పారం వద్ద ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో భారీ వరదలకు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం రామచంద్రాపురం వద్ద గండి పడింది. సైకిలు పోయినంత మాత్రాన గండ్లు ఆగుతాయని ఎవరూ అనరు. కాని కంప కొట్టిన కట్ట మీద రోజూ వందమంది పోతుంటే ఊట పుట్టినా, మట్టి జారినా, దొంగతనంగా మట్టి తోలినా ఆ పూటే కబురు అందుతుంది. లష్కరు ఒక్కడికి ఉన్నవి రెండు కళ్లే.

పిల్లలు నీళ్లలో పడతారనేది రెండో అభ్యంతరం. ఇది తీసిపారేయదగినది కాదు. మొదట్లో 11 వేల క్యూసెక్కులు మోయగల కాలువ అది. పడినవారు నున్నని సిమెంటు లైనింగు పట్టుకుని పైకి రాలేరు. కనుక బాట నీటి అంచున కాక కట్టకు బయటి వైపున ఉండాలి. వంపుల దగ్గర, వంతెనల దగ్గర కడ్డీలు కట్టాలి. అక్కడక్కడ మెట్లు, పట్టుకోవడానికి గొలుసులు వేయాలి. చీకటి పడ్డాక పోరాదని బోర్డు పెట్టాలి. నిజానికి ఈ మెట్లు, గొలుసులు బట్టలు ఉతికేవారికి, బర్లు కడిగేవారికి ఇప్పుడు కూడా అవసరమే.

మూడోది రైతుల మాట. కట్ట మూస్తే పొలానికి ట్రాక్టరు ఎట్లా పోతుందని వారు అడగడం న్యాయమే. కట్ట తప్ప వేరే దారి లేని పొలాలకు ట్రాక్టరు పోవలసిందే. ఆపవలసింది కట్టను అడ్డదారిగా వాడుకునే లారీలను, మట్టి తోలే బండ్లను. కట్ట రోడ్డును కలిసే ప్రతి చోట ఇనుప గేటు పెట్టి, పక్కన సైకిలు పట్టేంత సందు వదలాలి. తాళం లష్కరు దగ్గర ఉండాలి. ఆ ఊరి రైతుల పేర్లు అతని వద్ద రాసి ఉండాలి.

కాలువ పొడవునా ఒక్కసారే చేయనవసరం లేదు. హాలియా, నిడమనూరు మధ్య ఒక ముక్కను ఎంచుకుని, వేసవిలో నీరు కట్టేసినప్పుడు కంప కొట్టించి, మొరం పోసి రోలరు తోలితే చాలు. ఒక ఏడాది చూసి, మంచిదైతే పెద్దదేవులపల్లి రిజర్వాయరు వైపు సాగించవచ్చు. సాగర్‌లో 2022లో ప్రారంభమైన బుద్ధవనం చూడవచ్చినవారిలో కొందరైనా అప్పుడు ఈ పల్లెల్లో దిగి సైకిలు అద్దెకు అడుగుతారు, టీ తాగుతారు. అది తర్వాతి సంగతి. ముందు బడి పిల్లల సంగతి చూడాలి.

కట్ట నీటిపారుదల శాఖది. దాని పక్కన ఊళ్లు పంచాయతీలవి. కూలికి, బడికి పోయే సైకిలు మాత్రం ఏ శాఖ లెక్కలోనూ లేదు. ఇరువురూ ఒకచోట కూర్చుని, రాబోయే వేసవి లోపు గేట్లు ఎక్కడ పెట్టాలో నిర్ణయించాలి. రోడ్డు వెడల్పు చేయడానికి భూములు కొనాలి, ఏళ్లు పడుతుంది. ఈ బాటకు భూమి ఎప్పుడో సేకరించారు, కట్ట ఎప్పుడో పోశారు. మిగిలింది కంప కొట్టడమే.