గూడ్సు బండెక్కిన బాబిన్!

రైల్వే గేటు పడినప్పుడు గూడ్సు పెట్టెలు లెక్కపెట్టని వాళ్లెవరు చెప్పండి? బొగ్గు పెట్టెలు, సిమెంటు పెట్టెలు, ఆయిలు ట్యాంకర్లు... అన్నీ ఒకేలా సాగిపోతుంటాయి. మధ్యలో ఎక్కడో గోడలూ, పైకప్పూ లేని పెట్టె ఒకటొస్తుంది. ఉత్త బల్లలా ఉంటుంది. దాని మీద మిలిటరీ ట్యాంకో, ట్రాక్టర్లో, ఏ ఫ్యాక్టరీకో పోతున్న పెద్ద యంత్రమో! అప్పటిదాకా ఆవులిస్తున్న వాళ్లు కూడా మెడ చాచి చూస్తారు. దాన్నే ఫ్లాట్ వ్యాగన్ అంటారు.

ఆడవాళ్ల పేజీలో ఈ గూడ్సు బండి గోలేంటి అంటారా? ఉంది. బొమ్మ రైళ్ల లోకంలో ఆ ఖాళీ బల్ల మనలాంటి వాళ్ల చేతుల కోసమే ఎదురు చూస్తోందని నా గట్టి నమ్మకం.

అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్ లాంటి దేశాల్లో మోడల్ రైళ్లంటే చిన్నపిల్లల ఆట కాదు. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి పెంచుకునే సరదా. వాటిలో ఎక్కువ మంది వాడే కొలత ‘హెచ్‌ఓ’. అంటే అసలు రైల్లో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 160 సెంటీమీటర్ల పొడవున్న మనిషి ఆ లోకంలో రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు! ఈ సరదా ఉన్నవాళ్లు ఇంజన్ల గురించి ఎంత చెప్పుకుంటారో, ఫ్లాట్ వ్యాగన్ మీద తామెక్కించిన సరుకు గురించీ అంతే మురిపెంగా చెప్పుకుంటారు. అది ఎంత వింతగా ఉంటే అంత గొప్ప. అమెరికాలో లయనెల్ అనే బొమ్మరైళ్ల కంపెనీ 1950ల చివర్లో, 60ల మొదట్లో హెలికాప్టర్లు, పడవలు, చివరికి జలాంతర్గామిని కూడా ఫ్లాట్ వ్యాగన్ ఎక్కించి అమ్మింది.

‘మరీ విడ్డూరం’ అనుకోకండి. నిజం రైళ్లు అంతకన్నా విడ్డూరమైనవి మోస్తాయి. బోయింగ్ 737 విమానాల నడుము భాగాలు అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో తయారై, వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్‌కి రైల్లోనే వెళ్తాయి. 2014 జులైలో మోంటానాలో ఆ రైలు పట్టాలు తప్పితే మూడు విమాన భాగాలు జారి నదిలో పడ్డాయి. మన కొంకణ్ రైల్వేలో 1999లో సరుకు లారీలనే ఫ్లాట్ వ్యాగన్ల మీద ఎక్కించి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. రైలెక్కిన లారీ! ఇంతకంటే వింత బొమ్మ ఎవరు ఊహించగలరు?

ఇప్పుడు మన ఇంట్లోకి రండి. మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ పిల్లలకి ఓ హెచ్‌ఓ రైలు తెచ్చింది. అందులో రెండు ఫ్లాట్ వ్యాగన్లు ఖాళీగా ఉన్నాయి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, నేను వాటి మీద ఏం ఎక్కించాలా అని ఇల్లంతా వెతికాం. మొదట దొరికింది నా కుట్టుమిషను బాబిన్. దాని అడ్డు కొలత దాదాపు రెండు సెంటీమీటర్లు. 87తో హెచ్చవేయండి... సుమారు 174 సెంటీమీటర్లు, మనిషెత్తు! కరెంటు కేబుళ్లు చుట్టే పెద్ద డ్రమ్ములు రోడ్డు పక్కన చూస్తామే, సరిగ్గా అవే. నల్లదారం నిండుగా చుట్టి నిలబెడితే ఎవరూ బాబిన్ అనరు.

ఆ తర్వాత ఇక ఆగలేదు. ఆరు మిల్లీమీటర్ల కూల్‌డ్రింకు స్ట్రా అక్కడ అరమీటరు పైన మందమున్న నీళ్ల పైపు. ఎండిన గోరింటాకు పుల్లలు అడవి నుంచి వస్తున్న దుంగలు. రెండు మిల్లీమీటర్ల అగ్గిపుల్ల 17 సెంటీమీటర్ల దూలం. తెగిపోయిన రోల్డుగోల్డు గొలుసు సరుకుని బిగించి కట్టే ఇనుప గొలుసు. ఖాళీ అయిన మాత్రల అట్టకి బూడిదరంగు వేస్తే ఏదో యంత్రం మూత. ఇవన్నీ మనం రోజూ చెత్తబుట్టలో వేసేవేగా!

అయితే ఏదో ఒకటి తెచ్చి పైన పెట్టేస్తే సరుకు కాదు. అక్కడే ఉంది అసలు చదువు. కుక్కర్ వెయిట్‌ని నిలబెడితే మలుపులో బండి ఒరుగుతుంది. పడుకోబెట్టి, రెండు పక్కలా అగ్గిపుల్ల ముక్కలు ఆనించి కట్టాలి. బరువు ఎంత కిందికి ఉంటే బండి అంత నిలకడ. అలాగని వ్యాగన్ మరీ తేలిగ్గా ఉన్నా పట్టాలు తప్పుతుంది. అమెరికాలో 1935లో పుట్టిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీనికో లెక్క చెప్పింది. హెచ్‌ఓ వ్యాగన్‌కి మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. అంటే ఆరంగుళాల వ్యాగన్ నాలుగు ఔన్సులు, సుమారు 113 గ్రాములుండాలి. సరుకు వ్యాగన్ దాటి బయటికి పొడుచుకొస్తుంటే పక్కన ఓ ఖాళీ వ్యాగన్ తగిలించాలి. నిజం రైళ్లలోనూ అదే చేస్తారు. ఎత్తు, వెడల్పు ఎక్కువైతే సొరంగంలో తగులుతుంది. కాబట్టి ముందే అట్టముక్కతో ఓ గేటు కత్తిరించుకుని అందులోంచి దూర్చి చూడాలి. ఇవన్నీ అయ్యాక ఆఖరి ప్రశ్న: ఈ సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది? దానికి జవాబుంటేనే ఆ బండికి ప్రాణం.

మా అమ్మాయి ఈ లెక్కలన్నీ ఓ నోట్‌బుక్కులో రాసుకుంది. ఏ వస్తువు ఎంత, 87తో హెచ్చవేస్తే ఎంత, ఎంత బరువు... అన్నీ. రైలుతోపాటు ఆ పుస్తకాన్నీ స్కూలు ఎగ్జిబిషన్‌కి పట్టుకెళ్లింది. వాళ్లు దాన్ని ఎక్కడ పెట్టారో తెలుసా? ‘కుట్లు, అల్లికలు’ బల్ల మీద! అదే హాల్లో ఎవరో అబ్బాయి షాపులో కొన్న కారు భాగాలు బిగించి తెస్తే, అది ‘సైన్సు’ బల్ల మీద ఉంది. ఇదేమిటని అడిగితే టీచరమ్మ నవ్వుతూ, ‘‘బాబిన్లు, స్ట్రాలు కదండీ... వేస్టుతో కళాకృతుల కిందికొస్తుంది’’ అన్నారు. ఆ నోట్‌బుక్కు తెరిచి చూసిన వాళ్లే లేరు.

కుట్లన్నా అల్లికలన్నా నాకు చులకన లేదు. పదేళ్లుగా ఇంట్లో మిషను తొక్కుతున్న దాన్ని. జాకెట్టు కత్తిరించడం ఎంత కచ్చితమైన కొలతో నాకు తెలుసు. నా బాధల్లా ఒకటే. మగపిల్లాడి చేతిలో ఉంటే ఇంజనీరింగు, ఆడపిల్ల చేతిలో ఉంటే అలంకారమా? వస్తువుని చూసి కాక, చేసిన మనిషిని చూసి బల్ల నిర్ణయిస్తారా?

ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే కాదు. ఆ లయనెల్ కంపెనీ వాళ్లే 1957లో ఆడపిల్లల కోసమని ప్రత్యేకంగా ఓ రైలు తెచ్చారు. గులాబీరంగు ఇంజను, లేత నీలం, లేత పసుపు పెట్టెలు! అది అమ్ముడుపోలేదు. ఎందుకు పోతుంది? రైలు కావాలనుకున్న పిల్లకి రైలే కావాలి గానీ గౌను తొడిగిన రైలు కాదుగా!

‘ఇంతకీ దీనివల్ల ఉపయోగమేంటి?’ అని మా పక్కింటి వదిన అడిగింది. మీరూ అడగొచ్చు. రోజంతా క్రికెట్టు చూసే మగాణ్ని ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా? మనం తీరిగ్గా ఏం చేసినా చివరికది పచ్చడి సీసాగానో, జాకెట్టుగానో తేలాలి. లేకపోతే పనికిమాలిన పనే! ఊరికే, సరదాకి, బుర్ర పెట్టి ఓ పని చేసుకునే హక్కు ఆడవాళ్లకి లేదా?

ఖర్చు మాటంటారా? నిజమే, ఇంజనూ పట్టాలూ చవకేం కాదు. కానీ సరుకుకి పైసా అక్కర్లేదు. అసలు రైలే లేకపోయినా, ఐస్‌క్రీం పుల్లలు అతికించి ఫ్లాట్ వ్యాగన్ చేసుకోవచ్చు. చక్రాల మధ్య కొలత ఒక్కటి సరిచూసుకుంటే చాలు.

ఇదంతా మనకి కొత్త కూడా కాదు. సంక్రాంతికో, దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఏం చేస్తాం? మెట్లు కడతాం, ఆవాలు చల్లి పచ్చని తోట మొలిపిస్తాం, అద్దంముక్కతో చెరువు చేస్తాం, పెళ్లి ఊరేగింపు నడిపిస్తాం. ఒక ఊరినే చిన్నగా కట్టడం కాదూ అది? అదే పని విదేశాల్లో మగవాళ్లు చేస్తే మోడలింగ్ అని పేరు. మన అమ్మమ్మలు చేస్తే పండగ సందడి! ఈసారి కొలువులో చుట్టూ తిరిగే రైలుంటే దాని మీద మీ సరుకెక్కించండి. కొలతలు మీ అమ్మాయితో వేయించండి. అబ్బాయినీ పక్కన కూచోబెట్టి దారం చుట్టమనండి, తప్పేం లేదు.

మన దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవరు సురేఖా యాదవ్. 2023 మార్చిలో సోలాపూర్ నుంచి ముంబైకి వందేభారత్ నడిపారు. 2025లో రిటైరయ్యారు కూడా. ఓ ఆడమనిషి రైలు నడపడం నేర్చుకుని, ఉద్యోగమంతా పూర్తి చేసుకుని ఇంటికొచ్చేసింది. మనమింకా బొమ్మల షాపులో నిలబడి ‘అబ్బాయికా, అమ్మాయికా?’ అన్న ప్రశ్నకి జవాబు చెబుతూనే ఉన్నాం.

అమ్మలకీ, టీచరమ్మలకీ నాదొకటే మనవి. పిల్ల బొమ్మరైలు పట్టుకొస్తే దాన్ని ఏ బల్ల మీద పెట్టాలా అని ముందే తేల్చేయకండి. ‘ఏం ఎక్కించావమ్మా? ఎంత కొలిచావు? ఎక్కడికి పంపుతున్నావు?’ అని అడగండి. దానికి ఆ పిల్ల చెప్పే జవాబు విన్నాక, బల్ల సంగతి చూద్దాం.