కుక్క మలం చూడటానికి నామోషీ ఎందుకు?

బేతంచెర్ల చుట్టుపక్కల గొర్రెల కాపరి పొద్దున్నే దొడ్డి ఊడుస్తూ పెంటికలు చూడకుండా ఉండడు. గుళికల్లా రాలితే నిశ్చింత. ముద్దగా పడినా, పారినా ఆ జీవాన్ని మందలోంచి విడదీస్తాడు. రాత్రంతా ఆ మందను కాసిన కుక్క మలం మాత్రం ఎవరికీ పట్టదు. నిజానికి ఈ బండల సీమలో దాన్ని చూడటం సులువైన పని. వాకిట్లో పరిచిన నాపరాయి మీద పడిన రంగు మట్టిలో ఇంకిపోదు.

ఆ రంగుకు ఒక లెక్క ఉంది. పైత్యరసంలోని పసుపును పేగుల్లో సూక్ష్మజీవులు మార్చబట్టే మలం గోధుమ రంగులో ఉంటుంది. పైత్యం పేగుల్లోకి దిగకపోతే బూడిదలా పాలిపోతుంది. కడుపులోనో చిన్నపేగుల్లోనో కారిన రక్తం అరిగి తారులా నల్లగా, జిగటగా వస్తుంది. పెద్దపేగు చివర కారినది ఎర్రగానే కనిపిస్తుంది. కూనల్లో నల్లటి మలానికి తరచు కారణం కొంకిపురుగులు. పేగు గోడను కరుచుకుని రక్తం తాగుతాయవి. పెదవి ఎత్తి చూస్తే చిగురు తెల్లబడి ఉంటుంది. టీకా పడని కూన వాంతులతో, రక్తం కలిసిన నీళ్ల విరేచనాలతో ముడుచుకుని పడుకుంటే పార్వో అని అనుమానించాల్సిందే. 1978లో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్ రెండు మూడు రోజుల్లో ప్రాణం తీయగలదు. తెల్లారాక చూద్దాంలే అంటే కుదరదు.

తిండిని బట్టి రంగు మారుతుంది కదా, దాన్నెలా నమ్మడం అంటారు. మారుతుంది. ఇనుము టానిక్కు తాగించినా మలం నల్లబడుతుంది. కటికె అంగడి దగ్గర బొమికలు కొరికే కుక్కకు సున్నపు ముద్దలా తెల్లగా వస్తుంది. (దుమ్ములగొండిదీ అంతే, దుమ్ము అంటే ఎముకే కదా.) కానీ నిన్న కుక్కకు ఏం పెట్టారో పెట్టినవాళ్లకు తెలుసు. రోజూ ఎలా ఉంటుందో చూసినవాళ్లకే ఈ రోజు తేడా తెలుస్తుంది. నలుపు మీద అనుమానముంటే పుల్లతో కాస్త తీసి తడిపిన తెల్ల కాగితం మీద పామండి. అంచున ఎర్రజీర పాకితే అది రక్తం కావచ్చు. తిండి మీదికి నెట్టేసి ఊరుకోకూడదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. అసలు ప్రమాదం రంగులో కనపడనే కనపడదు. కుక్క పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు పొడవు కొన్ని మిల్లీమీటర్లే. అవి వేలల్లో ఉన్నా కుక్క హుషారుగానే తిరుగుతుంది, మలమూ మామూలుగానే ఉంటుంది. మలంతో పడిన గుడ్లు గడ్డి మీదుగా గొర్రెలోకి వెళ్తే కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటిబుగ్గలు లేస్తాయి. పొట్టేలును కోసినప్పుడు ఆ బుగ్గల ముక్కను కుక్కకు విసిరితే చక్రం మళ్లీ మొదలు. కడగని చేతుల మీదుగా ఆ గుడ్లు మనిషి కడుపులోకి పోతే అవే బుగ్గలు మనకూ వస్తాయి. ఏళ్ల తరబడి తెలియకుండా పెరిగి చివరికి ఆపరేషన్ దాకా తెస్తాయి. కాబట్టి గోధుమ రంగు కనపడిందని కుక్కకు ఏ రోగమూ లేదనుకోలేం, ఒప్పుకుంటాను. అయినా మలం చూసే అలవాటున్నవాడికే వేరే రకం బద్దెపురుగుల ముక్కలు బియ్యపు గింజల్లా కదులుతూ కనిపిస్తాయి, నులిపురుగుల మందు సంగతి గుర్తొస్తుంది. ఆ మందు ఎంత, ఎన్నాళ్లకోసారి అన్నది పశువైద్యుడు చెప్పాలి.

కుక్కకు ఆసుపత్రా అని నవ్వి, ఇంట్లో ఉన్న నొప్పుల మాత్ర మింగించేవాళ్లున్నారు. మనుషుల ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి. మలం నల్లబడటానికి అవే కారణం కావచ్చు. దానికన్నా ఆ రోజు మలాన్ని చిన్న డబ్బాలో వేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లండి. ఎన్నిసార్లు పోయిందో, ఏం తిన్నదో చెప్పండి. ఈసారి పొట్టేలును కోసినప్పుడు కార్జంలో నీటిబుగ్గ కనిపిస్తే కుక్కకు విసరకండి, అది తవ్వి తీయలేనంత లోతుగా పూడ్చిపెట్టండి.