యలహంకకు వాన కబురు ముందే తెలుసు

ప్రతి గురువారం భారత వాతావరణ శాఖ రాబోయే రెండు వారాలకు దేశమంతటి అంచనా ఇస్తుంది. ఇంత పెద్ద దేశంలో ఒకే వారంలో ఒకచోట వడగాడ్పు, ఇంకోచోట పిడుగుల వాన, మరోచోట తుపాను ఉంటాయని చెప్పే పటాలు మనకు కొత్త కాదు. పసుపు రంగు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధపడండి, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోండి. ఆ పటం మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతుంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు నాలుగు, "ప్రభువు కాపాడును గాక" అని ఒక మాట. అంతటితో మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం.

మేము యలహంక సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. కర్ణాటక రాష్ట్రమంతటా వానను కనిపెట్టే ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం ఉన్నది అక్కడే. రాష్ట్రంలో ఆరు వేలకు పైగా చోట్ల పెట్టిన వానమాపకాల లెక్క ఎప్పటికప్పుడు ఆ కేంద్రానికి చేరుతుంది. వాన కబురు అందరికంటే ముందు తెలిసే ఊరన్నమాట. అయినా 2021 నవంబరులో, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టిన కేంద్రీయ విహార్ అపార్ట్‌మెంట్లు అక్కడే నీట మునిగాయి. 2024 అక్టోబరు 22న మళ్లీ అవే మునిగాయి. విపత్తు దళాలు పడవలేసుకుని వచ్చి ముసలివాళ్లను, పిల్లలను బయటికి తెచ్చాయి. చెరువు పొంగితే ఆ నీటిని మోయలేని రాజకాలువ గురించి రెండుసార్లూ అందరూ మాట్లాడారు.

ఆ పడవల ఫొటోలు దేశమంతా చూసింది. కానీ అదే రోజు మధ్యాహ్నం హెణ్ణూరు వైపు బాబుసాపాళ్యలో, ఇంకా పూర్తికాని భవనం ఒకటి కుప్పకూలి 9 మంది చనిపోయారు. పొట్టకూటికి బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు వారిలో ఉన్నారు. వాన ఒక్కటే కారణం కాదు, అనుమతికి మించి అంతస్తులు లేపారని అధికారులే చెప్పారు. మమ్మల్ని పట్టి ఆపిన సంగతి వేరే ఉంది. ఆ వారంలో వాన హెచ్చరికను బట్టి బెంగళూరులో బడులకు సెలవిచ్చారు. అంతకు కొన్ని రోజుల ముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను ఇంటి నుంచి పని చేయమన్నారు. మరి తాపీ పట్టినవాడికి, ఇటుక మోసే ఆమెకు సెలవు ఎవరిచ్చారు?

హిందూపురం, ధర్మవరం నుంచి రైలెక్కితే బెంగళూరు చేరకముందే వచ్చేది యలహంక. సీమ కరవు ఆ దారిన ఎంతమందిని దించిందో! అక్కడ లేస్తున్న అంతస్తుల పక్కన, రేకుల షెడ్లలో తెలుగు వినిపిస్తుంది. ప్రభుత్వం కన్నడంలో పంపిన హెచ్చరికను చాలామంది చదవలేరు. చదివి చెప్పినా ఏం చేస్తారు? పని మానితే ఆ పూట కూలి లేదు. వరుసగా రెండు రోజులు మానితే మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఎరుపు రంగు చూసి ఇంట్లో కూర్చోగలగాలంటే ముందు గట్టి ఇల్లుండాలి, జీతం ఆగకుండా రావాలి. అవి లేనివారికి అది హెచ్చరిక కాదు, ఉత్త సమాచారం.

ఇది బెంగళూరు ఒక్కదాని సంగతీ కాదు. 2015 ఎండాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది వడగాడ్పులకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎండ ముదురుతుందని ముందు చెప్పలేదా? చెప్పారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. మంచిదే. కానీ చనిపోయాక లక్షలు ఇచ్చే ఏర్పాటుంది, బతికుండగా ఆ ఒక్కరోజు కూలి ఇచ్చే ఏర్పాటు లేదు.

డబ్బు లేక కాదు. 1996లో చట్టం వచ్చినప్పటి నుంచి నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సుగా వసూలు చేసి కార్మికుల సంక్షేమ నిధిలో వేస్తున్నారు. ఢిల్లీలో గాలి కాలుష్యం వల్ల పనులు ఆపినప్పుడు, 2024లో సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక, నమోదైన కార్మికులకు 8 వేల రూపాయల చొప్పున ఇచ్చారు. పొగకు ఇవ్వగలిగినప్పుడు పిడుగుకు, వరదకు, ఎండకు ఎందుకు ఇవ్వకూడదు? ఈ ప్రశ్నను కర్ణాటకలోనూ, ఆంధ్ర, తెలంగాణల్లోనూ ఎమ్మెల్యేల ముందు పెట్టాల్సింది మన యవనస్థులే.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటి సంగతి చూసుకుందాం. అపొస్తలుల కార్యములు పదకొండో అధ్యాయంలో అగబు అనే ప్రవక్త గొప్ప కరవు రాబోతోందని చెబుతాడు. అంతియొకయ సంఘం అది విని, నిజమవుతుందో లేదో చూద్దామని కూర్చోలేదు. ఎవరి శక్తికొలది వారు వేసి, యూదయలో ఉన్న సహోదరులకు బర్నబా, సౌలుల చేత పంపించారు. వాళ్లు ప్రార్థన చేయలేదని కాదు. ప్రార్థన చేసినవాళ్లే కానుక పోగుచేశారు.

మరి మనం? కాంక్రీటు వేసే రోజున వాన హెచ్చరిక వస్తే, కూలి చేతిలో పెట్టి "రేపు రండమ్మా" అన్న మందిర నిర్మాణ కమిటీలు ఎన్ని? మాకు తెలిసి చాలా తక్కువ. సొంత ఇల్లు కట్టించుకునే విశ్వాసులు, ఫ్లాటు బుక్ చేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు బిల్డరును టైల్స్ గురించి పది ప్రశ్నలు అడుగుతారు. పిడుగులు పడే రోజు పైఅంతస్తులో ఎవరుంటారని ఒక్కరూ అడగరు. ఈ మాట మమ్మల్నీ కలుపుకునే అంటున్నాం.

వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే మందిరం హాళ్లు మనకున్నాయి. గట్టి కప్పు, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి అన్నీ ఉన్నాయి. రేకుల షెడ్డులో ఉన్నవారు ఏ మతంవారైనా సరే, వాన రాత్రి వచ్చి పడుకోవచ్చని ముందే చెప్పాలి, తెలుగులో, వాళ్ల షెడ్డు దగ్గరికి వెళ్లి. ఈ ఆదివారం ప్రకటనల సమయంలో వారపు అంచనా కూడా చదవండి. చదివాక, ఆ వారం హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో చెప్పండి.