టెలి మానస్ ఒక్కటే చాలదు

యువతుల మానసిక ఆరోగ్య సేవలకు విడిగా గ్రాంట్లు అనవసరమని, 14416 నంబరుపై ఉచితంగా అందే టెలిఫోన్ సేవ టెలి మానస్ ఆ లోటును పూడుస్తున్నదని ఈ పత్రికలో వెలువడిన వ్యాసంలోని వాదన అంగీకరించదగినది కాదు. 2022 అక్టోబరులో మొదలైన ఆ సేవ ఆపత్కాలంలో అమూల్యమైనదే. అయితే కుంగుబాటుకు, అంటే వారాల తరబడి వీడని నిస్పృహకు, చికిత్స ఒక్క సంభాషణతో ముగియదు, నమ్మకం కుదిరిన ఒకే కౌన్సెలర్‌ను నెలల పాటు కలుసుకోగలిగితే అది ఫలించే అవకాశం పెరుగుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట, ఇంటివారి వల్లనే నలిగిపోతున్న అమ్మాయి వారి ఎదుటే నోరు విప్పాలనడం అన్యాయం.

లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రిక 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2016లో ప్రపంచవ్యాప్తంగా ఆత్మహత్యకు బలైన స్త్రీలలో సుమారు 37 శాతం భారతదేశానికి చెందినవారు. వారిలో అత్యధికులు 15-39 ఏళ్లవారు. 2014లో ఆరంభమైన కౌమార ఆరోగ్య పథకం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్లవారికే పరిమితం కాబట్టి, ఇరవై దాటిన విద్యార్థిని, ఆ వయసులోనే కొత్తగా కాపురానికి వచ్చిన వధువు దాని పరిధిలోకి రారు.

ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక ఆరోగ్య సేవలను పొందడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రతి వ్యక్తి హక్కు. కౌన్సెలర్ జీతానికి నిలకడగా నిధులివ్వకుండా, ఏడాదికోసారి గ్రాంటు కోసం ఎదురుచూసే స్థితిలో కౌన్సెలింగ్ కేంద్రాలను ఉంచితే, ఆ హక్కు కాగితం దాటి రాదు.

— ఒక పాఠకురాలు, హనుమకొండ