గజం ధరలో కులం వాటా

ఇల్లు కొనేటప్పుడు ఏమేం చూడాలో మన మధ్యతరగతికి ఎవరూ నేర్పనక్కరలేదు. లింకు డాక్యుమెంట్లు 30 ఏళ్ల వెనకటి వరకు ఉన్నాయా, ఈసీలో తాకట్టు ఏదైనా కనిపిస్తోందా, లేఅవుటుకు అనుమతి ఉందా లేక ఎల్ఆర్ఎస్ కట్టి క్రమబద్ధం చేయించుకున్నదా, చెరువు ఎఫ్‌టీఎల్ పరిధిలోకి వస్తుందా, ముందు రోడ్డు 20 అడుగులా 30 అడుగులా, ఎండాకాలంలో బోరు నిలుస్తుందా, వాన పడితే వీధిలో నీళ్లు ఎంతసేపు ఉంటాయి, బడి ఎంత దూరం, బస్సు ఎంత దూరం అన్నవి అందరికీ కంఠతా వచ్చిన ప్రశ్నలే. ఇవి కొనేవాడు ఇంటిని గురించి వేసుకునే ప్రశ్నలు. కొనేవాడిని గురించి అమ్మేవాడు వేసే ప్రశ్న మరొకటి ఉంది. అది కులం. నగరం కులాన్ని కరిగిస్తుందని నమ్మే విద్యార్థులు, రాజకీయ కార్యకర్తలు శివారులో ఒక చిన్న ఇంటి బేరం ఎలా సాగుతుందో దగ్గరగా పరిశీలించాలని నా మనవి.

నేను మాదిగ కుటుంబంలో పుట్టి, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. గత సంవత్సరం నేనూ నా భార్యా హైదరాబాదు తూర్పు శివార్లలో, ఉప్పల్ దాటింది మొదలు ఘట్‌కేసర్ వరకు పరచుకున్న కాలనీలలో, 150 గజాల లోపు ఇళ్లు ఏడు చూశాం. ఏ ఇంటి వద్దా సంభాషణ ధరతో మొదలు కాలేదు. మొదట సొంత ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ రెండింటితో తేలనప్పుడు ‘మీరెవరు సార్?’ అన్న ప్రశ్న. పేరు చెబితే ‘అది కాదు సార్, మీరెవరని?’ అని మళ్లీ అడుగుతారు. ఆ ‘ఎవరు’కు మన సమాజంలో ఉన్న అర్థం ఒక్కటే.

రెండు ఇళ్ల విషయంలో ధర కుదిరి, బయానా ఇచ్చే రోజు కూడా అనుకున్నాక ఫోన్ వచ్చింది. ఒకాయనకు అన్నదమ్ములు ఒప్పుకోలేదట. మరొకాయన ఇప్పట్లో అమ్మే ఆలోచన మానుకున్నారట. ఆయన ఇంటి గేటుకు ‘ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు నెల తర్వాత కూడా వేలాడుతూనే ఉంది. ఎవరూ ఒక్క మాట తూలలేదు. ఇద్దరూ చాయ్ ఇచ్చి గేటు దాకా వచ్చి సాగనంపినవారే. ఊళ్లో వెలి కంటికి కనిపిస్తుంది. ఊరొక దిక్కు, వాడొక దిక్కు. శివారులో వెలి మర్యాదస్తుల భాషలో మాట్లాడుతుంది. దానికి సాక్షి ఉండడు, కాగితం ఉండదు.

మూడో ఇంటి దగ్గర విషయం తలకిందులైంది. రెండు వీధుల అవతల చెప్పిన ధర కంటే అక్కడ గజానికి నాలుగు వేలు తక్కువ. కారణమేమిటని అడిగితే మధ్యవర్తి దాపరికం లేకుండా చెప్పాడు: ‘వెనక ఎస్సీ కాలనీ ఉంది సార్. అందుకే.’ అదే రోడ్డు, అవే నీళ్లు, అదే బడి. చివరికి మేం కొన్నది ఆ ఇల్లే. తక్కువలో వచ్చింది కదా, అదృష్టమని మిత్రులు అభినందించారు. ఆ అదృష్టం లెక్క పూర్తిగా వేయాలి. మధ్యతరగతి కుటుంబానికి ఇల్లు నివాసం మాత్రమే కాదు, దాదాపు మొత్తం పొదుపు. పిల్లల చదువుకు తాకట్టు పెట్టేది, వృద్ధాప్యంలో ధైర్యాన్నిచ్చేది అదే. కొనేనాడు తగ్గిన ధర అమ్మేనాడూ తగ్గుతుంది. తాకట్టు పెట్టేనాడూ తగ్గుతుంది. ఇరవై ఏళ్లు సమానంగా జీతం తీసుకుని, సమానంగా వాయిదాలు కట్టిన ఇద్దరు ఉద్యోగుల ఆస్తుల మధ్య అంతరం ఈ దారినే పెరుగుతుంది. రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చింది కాబట్టి సమానత్వం వచ్చేసిందని వాదించేవారు జీతం చీటీ పక్కన ఇంటి పత్రం కూడా పెట్టి చూడాలి.

ఈ కాలనీలు వెలసిన నేల చరిత్ర కూడా చూడదగినదే. ఇల్లు కొనేవారికి న్యాయవాదులు చెప్పే ముఖ్యమైన జాగ్రత్త, అది అసైన్డ్ భూమి కాదని నిర్ధారించుకోవడం. భూమిలేని పేదలకు ప్రభుత్వం పంచిన నేల అది. వారసులకు సంక్రమిస్తుంది గాని అమ్ముకునే హక్కు ఉండదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఉన్నా, నగరం విస్తరించిన కొద్దీ శివారు గ్రామాల్లో దళితులకు, ఇతర పేదలకు ఇచ్చిన భూములెన్నో చేతులు మారి వెంచర్లలో కలిసిపోవడం పత్రికలు చదివేవారందరికీ తెలిసిన విషయం. ‘అసైన్డ్’ అన్న మాట వినగానే కొనేవాడు తన డబ్బు పోతుందని భయపడతాడు. ఆ నేల ఎవరి చేతిలోంచి జారిపోయిందన్న ప్రశ్న మాత్రం బేరంలో రాదు. నేల పోగొట్టుకున్న కుటుంబం చాలాచోట్ల ఆ పక్క వాడలోనే ఉంటుంది. ఆ వాడ దగ్గరగా ఉందన్న కారణం చూపే ఇంటి ధర తగ్గిస్తారు.

ఇది ఒకరిద్దరి అనుభవం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. 2001 జనగణన వార్డు లెక్కల ఆధారంగా ట్రినా వితయథిల్, గాయత్రీ సింగ్ హైదరాబాదు సహా దేశంలోని ఏడు మహానగరాలను పరిశీలించి 2012లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆర్థిక స్థాయిని బట్టి కంటే కులాన్ని బట్టే నివాసాలు ఎక్కువగా విడిపోయి ఉన్నాయని అందులో తేల్చారు. 2015లో అదే పత్రికలో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ, దాని పరిసర నగరాల అద్దె ఇళ్లపై అధ్యయనాన్ని వెలువరించింది. అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో ఇల్లు కోరినప్పుడు దళితులకూ, అంతకంటే ఎక్కువగా ముస్లింలకూ నిరాకరణ ఎదురైంది. డబ్బుంటే కులం అడ్డురాదన్న మాట ఈ లెక్కల ముందు నిలవదు.

మరి చట్టం ఏం చెబుతోంది? రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలను, హోటళ్లను, బావులను, చెరువులను, రోడ్లను పేర్కొంది; ఇంటి కొనుగోలును పేర్కొనలేదు. అయితే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్, ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, సంపాదించుకోకుండా, అందులో నివసించకుండా అంటరానితనం కారణంగా అడ్డుకోవడం నేరమని స్పష్టంగా ప్రకటించింది. బాధితులు షెడ్యూల్డు కులాలవారైతే అది అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు భావించాలని, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత నిందితుడిదేనని పన్నెండో సెక్షన్ చెబుతోంది. ఇంత బలమైన నిబంధనకు విధించిన శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి అయిదు వందల రూపాయల జరిమానా. మా కాలనీలో గజం నేలకు చెల్లే ధరలో అది లెక్కలోకే రాదు. దళితుణ్ణి ఉన్న ఇంటి నుంచి వెళ్లగొడితే అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. రానివ్వకపోతే మాత్రం ఈ పాత చట్టమే దిక్కు. వెనుకబడిన కులాల పేదకూ, ముస్లింకూ ఆ దిక్కు కూడా దాదాపు లేదు.

2005లో జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, పార్శీలకే సభ్యత్వమన్న ఒక గృహ సహకార సంఘం నియమాన్ని సమర్థించింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛలో అది భాగమన్నది. తక్కువ సంఖ్యలో ఉన్న ఒక సముదాయం తనను కాపాడుకోవడానికి పెట్టుకున్న నియమం, పెత్తనం చేసే కులాలు ఇతరులను తోసివేయడానికి రక్షణగా మారే ప్రమాదం ఆ తీర్పులో ఉంది. అయితే సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం. కుల ప్రాతిపదిక సభ్యత్వాన్ని నిషేధిస్తూ సహకార చట్టాలను సవరించడానికి మన రెండు శాసనసభలకూ అధికారం ఉంది.

అసలు చిక్కు రుజువుది. ‘మీ కులం వల్ల అమ్మను’ అని ఎవరూ అనరు. ఈ చిక్కును మరో దేశం ఎలా ఎదుర్కొన్నదో తెలుసుకోవడం మేలు. అమెరికాలో 1930లలో ఒక ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీయించి, నల్లజాతివారుండే పేటలకు ఎర్ర రంగు పూయించింది. ఆ పేటలకు గృహరుణాలు అందలేదు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, న్యాయమైన గృహవసతి చట్టంపై సంతకం పడింది. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో, దళారుల వ్యవహారంలో జాతి వివక్షను అది నిషేధించింది. రుజువు కోసం అక్కడ పౌరహక్కుల సంఘాలు ఒక పద్ధతిని అనుసరించాయి. ఒకే స్తోమత గల ఇద్దరిని, ఒక నల్లవారినీ ఒక తెల్లవారినీ, ఒకే ఇంటికి వేర్వేరుగా పంపుతారు. మొదటివారికి ‘ఖాళీ లేదు’ అని, రెండోవారికి ‘ఉంది’ అని చెబితే అదే సాక్ష్యం. అలా వెళ్లి అబద్ధం విన్న నల్లజాతి పరీక్షకురాలికి దావా వేసే హక్కు ఉందని 1982లో హేవెన్స్ రియాల్టీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలుగు ఉద్యోగులెందరో స్థిరపడిన సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో తన వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. అది గృహవసతికీ వర్తిస్తుంది. అక్కడ నేరమైనది ఉప్పల్‌లో మర్యాదగా ఎలా చెల్లుతుంది?

నా ఇల్లు నా ఇష్టం, ఎవరికి అమ్మాలో రాజ్యం చెప్పడమేమిటని కొందరంటారు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉన్న భూమిని యజమాని ఎంత ఇష్టపడినా అమ్మలేడు. సెట్‌బ్యాక్ వదలకుండా కట్టలేడు. ఆ ఇంటికి ధర తెచ్చిన రోడ్డు, నీరు, మురుగు కాలువ, మెట్రో అందరి పన్నులతో వచ్చినవి. బోర్డు పెట్టి అంగడికి తెచ్చిన సరుకును కులం చూసి అమ్ముతాననడం ఆస్తి హక్కు పరిధిలోకి రాదు.

కులం చెప్పకుండా కొనుక్కుంటే పోయేదానికి ఇంత గొడవ ఎందుకని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. విదేశంలో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్, తలదాచుకునే చోటు దొరక్క పార్శీ సత్రంలో పార్శీ పేరుతో ఉండవలసి వచ్చింది. సంగతి బయటపడగానే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. శతాబ్దం గడిచాక కూడా అదే ఉపాయం మనకు సలహాగా అందుతోంది. దాచి కొన్న ఇంట్లో హాలు గోడకు అంబేడ్కర్ పటం పెట్టాలంటే ఆలోచించాలి. వంటింటి వాసనకు కిటికీ మూయాలి. ఊరి నుంచి వచ్చిన తల్లి వాకిట్లో పెద్దగా మాట్లాడితే పిల్లలు బెదరాలి. ఇన్ని లక్షలు పోసి కొన్నది ఆ భయాన్నేనా?

చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ఇళ్ల అమ్మకం, అద్దె, దళారులు, ప్రకటనలు, సంఘాల నియమాలు అన్నింటికీ వర్తించే గృహ వివక్ష నిషేధ చట్టం రెండు రాష్ట్రాలూ తేవాలి. జత పరీక్షలను అది సాక్ష్యంగా గుర్తించాలి. పోలీసు కేసుతో పాటు బాధితునికి నష్టపరిహారం, దళారికి లైసెన్సు రద్దు ఉండాలి. చట్టం వచ్చేదాకా విద్యార్థి సంఘాలు ఊరుకోనక్కరలేదు. ఒకే జీతం, ఒకే అవసరం చెప్పి, వేర్వేరు ఇంటిపేర్లతో ఒకే ప్రకటనకు ఫోన్ చేసి, ఏ జవాబు వచ్చిందో తేదీతో సహా నమోదు చేయవచ్చు. ఒక విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న అద్దె ఇళ్లతో మొదలుపెట్టినా చాలు. ఇళ్ల పట్టాలు, రెండు పడకగదుల ఇళ్లు ఇస్తామని ఎన్నికల్లో వాగ్దానం చేసే పార్టీలను ఈసారి ఒక్కటి అడగాలి: తన జీతంతో, తన అప్పుతో ఇల్లు కొనుక్కోవడానికి వచ్చిన దళితుడికి ఆ ఇల్లు అమ్మేలా చూసే చట్టం మీ ప్రణాళికలో ఉందా?